గాలికి కట్టిన కప్పు

ముప్పై నాలుగేళ్ళు హోర్డింగుల మీద బతికాను. పైకెక్కి ఫ్లెక్స్ కట్టడం, దింపడం, చినిగితే కుట్టడం, తుప్పు పట్టిన ఇనుప యాంగిల్ మార్చడం. మోకాళ్ళు పోయాక మానేశాను. ఇప్పుడు సికింద్రాబాద్ పక్కన యాప్రాల్‌లో ఉంటున్నాను. మా గల్లీవాళ్ళు నలుగురు ఈ మధ్య ఇదే పనిలోకి దిగారు. బెల్టు ఎక్కడ తగిలించాలి, ఏ తాడు మంచిది, ఏ బూటు జారదు అని నన్ను అడుగుతుంటారు. అవి నెల రోజుల్లో మీకే తెలిసిపోతాయి. నేను రాసేది వాటి గురించి కాదు.

నా చేతిపని వల్ల ఒక మనిషి చచ్చిపోయాడు. పని చెడిపోయి కాదు. చెడిపోయి ఉంటే బతికేవాడు.

పని సంగతి

కింద నుంచి చూసేవాళ్ళు ఎత్తును చూసి భయపడతారు. ఎత్తుతో ఏమీ కాదు. మొదటి ఏడాది కాళ్ళు వణుకుతాయి, తర్వాత అలవాటవుతుంది. మన పనిలో భయపడవలసింది గాలికి. నలభై అడుగుల పొడుగు, ఇరవై అడుగుల ఎత్తు ఉన్న ఫ్లెక్స్ అంటే మేడ మీద నిలబెట్టిన తెరచాప. గాలి దాన్ని పట్టుకుని తోస్తుంది. ఫ్రేము వంగుతుంది, వెల్డింగ్ దగ్గర విరుగుతుంది, రోడ్డు మీద పడుతుంది. అందుకే గాలి ముదిరితే ఫ్లెక్స్ కోసేస్తాం. ఉత్త ఇనుప చట్రం మిగిలితే గాలి సందుల్లోంచి పోతుంది. మొలలో బ్లేడు లేకుండా పైకెక్కినవాడు పనివాడు కాదు.

కట్టడంలో నాకు పేరుండేది. నా ముడి జారేది కాదు. తీగను పట్టకారుతో మెలి తిప్పితే మళ్ళీ విప్పడానికి నేనే రావలసి వచ్చేది. తోటివాళ్ళు తిట్టుకునేవాళ్ళు. నాకు మాత్రం లోలోపల సంతోషంగా ఉండేది. మంచి పని అంటే గట్టిగా కట్టిన పని అని అప్పట్లో అనుకునేవాణ్ణి.

సలీం భాయ్

నాకు పని నేర్పినవాడు సలీం భాయ్. మా తొమ్మిదిమందికీ మేస్త్రీ. నోరు చెడ్డది, మనిషి మంచివాడు.

ఒకసారి ఎండాకాలం సాయంత్రం మోండా మార్కెట్ దగ్గర పైనున్నాను. చీరల దుకాణం ఫ్లెక్స్. ఆ పొద్దునే కట్టాం. ఉన్నట్టుండి దుమ్ము లేచింది. కింద నుంచి భాయ్ అరిచాడు.

"కోయ్ రా యాదగిరీ!"

"భాయ్, పొద్దుగాలనే కట్టినం గదా! జెర ఆగి చూద్దాం."

"ఆగనీకి నీ అయ్య జాగీరా? కోయ్ అంటున్న!"

కోశాను. పది నిమిషాల తర్వాత పక్క మేడ మీద కొయ్యకుండా వదిలేసిన బోర్డు విరిగి కూరగాయల బండ్ల మీద పడింది. గాలివానకు అందరూ షట్టర్ల కిందికి పరిగెత్తారు కాబట్టి సరిపోయింది. లేకపోతే నలుగురైదుగురు పోయేవాళ్ళు.

మర్నాడు చీరల దుకాణం సేఠ్ వచ్చి కొత్త ఫ్లెక్స్ పాడు చేశారని గొడవ. భాయ్ చాయ్ తాగుతూ నిదానంగా అన్నాడు: "ఫ్లెక్స్ పోతే ఇంకోటి కొట్టిస్త సేఠ్. నీ బోర్డు కింద టమాటలు అమ్మే ముసలామె ఉంటది సూడు, ఆమె పోతే యాడ కొట్టించాలె?"



ఇట్లాంటి మేస్త్రీ దొరకడం అదృష్టమే. కానీ ఒక మాట చెప్పాలి. ఆయన మాకు నేర్పింది ఒక్క గాలి గురించే. ఆయనకూ అదే తెలుసు. మాది రాళ్ళ మీద కట్టిన ఊరు. మాకు నీళ్ళంటే నల్లాలో వచ్చేవి, పైనుంచి పడేవి. పక్క నుంచి లేచి వచ్చే నీళ్ళ సంగతి మాలో ఒక్కడికీ తెలియదు.

సముద్రం పక్కన

మా కంపెనీకి కోస్తా ఊళ్ళలో బీచ్ రోడ్ల వెంట బోర్డులుండేవి. తుపాను వస్తుందని వార్త రాగానే మమ్మల్ని లారీ ఎక్కించేవాళ్ళు. గాలి మొదలయ్యేలోపు అన్ని ఫ్లెక్సులూ కోసి దింపాలి. అట్లా ఐదుసార్లు పోయాను.

మేం పైనుండి చూస్తుండేవాళ్ళం. పడవలను పదిహేనుమంది తాడు పట్టి దిబ్బ మీదికి లాగేవాళ్ళు. ఇంజన్లు ఊడదీసి కర్రకు కట్టి భుజాల మీద మోసుకుపోయేవాళ్ళు. ఆడవాళ్ళు బియ్యం సంచి మీద సంచి తొడిగి దూలానికి వేలాడదీసేవాళ్ళు. పశువుల పలుపులు విప్పేసేవాళ్ళు. కొట్టుకాడ కొవ్వొత్తులకూ అగ్గిపెట్టెలకూ వరస. ఎవరూ అరిచేవాళ్ళు కాదు, పరిగెత్తేవాళ్ళు కాదు. తుపాను నెత్తి మీదుంటే ఇంత నిదానమేందని మేం పైనుంచి నవ్వుకునేవాళ్ళం. ఆ నిదానం తెలిసినవాళ్ళ నిదానమని మాకు తోచలేదు.

కోసిన ఫ్లెక్స్ కోసం బెస్తవాళ్ళు వచ్చేవాళ్ళు. కప్పు మీద పరిస్తే వాన కారదు. "ఇచ్చెయ్, మోస్కపోయి మనమేం జేస్తం" అనేవాడు భాయ్.

అప్పలకొండ ఇల్లు

ఇది జరిగి పదేళ్ళు దాటింది. రోడ్డు పక్కన మా ఆఖరు బోర్డు. దాని వెనకే ఇసుకలో పాతిక తాటాకిళ్ళు. ఫ్లెక్స్ కావాలని ఒకామె వచ్చింది. పేరు నూకాలమ్మ. చేపలమ్ముతుంది. మొగుడికి పక్షవాతం వచ్చి కుడి కాలూ కుడి చెయ్యీ సరిగ్గా ఆడవు, పైకెక్కి పరిచేవాళ్ళు లేరు అంది. చేతిలో పని అయిపోయింది కదా అని నేనే ఫ్లెక్స్ చుట్టను భుజానేసుకుని పోయాను.

మొగుడు అప్పలకొండ గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. మూతి ఒకవైపే నవ్వుతుంది. నన్ను కింది నుంచి పై దాకా చూశాడు.

"ఏ ఊరు బావూ?"

"సికింద్రాబాద్ తాతా. హైదరాబాద్ పక్కన."

"మీకు సముద్రమే నేదు గదా. తుపానుకి మీరొచ్చి ఏటి సేస్తారు?"

"మాకు ట్యాంక్ బండ్ ఉన్నది."

"అందులో సేపలుంటాయేటి?"

"వినాయకులుంటరు."

ఆ సగం మూతితోనే చాలాసేపు నవ్వాడు. ఆ నవ్వుతోనే మా ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఆమె చాయ్ పెట్టింది.

కప్పెక్కి ఫ్లెక్స్ పరిచాను. దాని మీద వాళ్ళ పాత వల కప్పాలి. అక్కడ అందరూ అదే చేస్తారు, వల గాలికి ఎగరకుండా కప్పును పట్టి ఉంచుతుంది. వల అంచు తాళ్ళు ఎటు పోతున్నాయా అని చూస్తే చూరు కింద నుంచి ఇంట్లోకి పోతున్నాయి. లోపల ఇంటి నడిమి స్తంభానికి, నిట్రాటకు, కట్టి ఉన్నాయి. అది కూడా ఒక్క గుంజుకు ఊడే ముడి.

"ఇదేం ముడి తాతా? లాగు బొందు కట్టుకున్నట్టున్నది. గుంజితే ఊడిపోతది."

"ఊడాలనే కట్టినాం."

తమాషా చేస్తున్నాడనుకున్నాను. అప్పటిదాకా మా ఇద్దరి మధ్యా అట్లాగే నడుస్తున్నది కదా. నవ్వాను. నూకాలమ్మ కూడా నవ్వింది.

"మా అయ్య నాటి నుంచీ అలాగే కడతాం బావూ. ఒగ్గీ, అలా ఉండనీ" అన్నాడాయన మళ్ళీ.

"అలవాటుతోని గాలి ఆగుతదా తాతా? ఇనుప బోర్డులు ఆపేటోణ్ణి, నీ కప్పు ఆపలేనా?"

ఆమె నా పక్షమే వచ్చింది. "ఆ మజ్జినొచ్చిన గాలికి కప్పు లేసిపోనాది. మళ్ళీ నేయించుకోడానికి ఏడాది పట్టినాది. పనోడు వొచ్చినాడు, కట్టనీ!"

"కట్టనీ, కట్టనీ. నా మాట ఎప్పుడిన్నావు నువ్వు" అన్నాడు ఆయన.

లారీ నుంచి నాలుగు యాంగిల్ ముక్కలు తెచ్చాను. ఇంటి నాలుగు మూలలా నేలలోకి దిగ్గొట్టాను. లోపలి ముళ్ళు విప్పేసి తాళ్ళు బయటికి లాగాను. వల మీద నుంచి అడ్డంగా, నిలువుగా ఇనుప తీగ వేసి యాంగిల్‌కు బిగించి పట్టకారుతో మెలి తిప్పాను. గంట పట్టింది. బోర్డు మీద కూడా అంత శ్రద్ధగా ఎప్పుడూ కట్టలేదు. వాళ్ళు నాకు నచ్చారు, అందుకని.

నేనిచ్చిన మాట

అప్పటికి మైకు ఆటో వచ్చింది. అందరూ ఊరవతల మెరక మీదున్న బడికి పోవాలని చెప్తున్నది. రెండు మైళ్ళు. మా లారీ ఆ దారినే పోతుంది, సగం ఖాళీగా ఉంది.

"తాతా, లారీ ఎక్కుండ్రి. బడికాడ దింపి పోతం" అన్నాను.

నూకాలమ్మ అప్పటికే మూట కట్టి ఉంది. ఆయన మాత్రం కదల్లేదు. అంతకు ముందొకసారి బడికి పోయినప్పుడు రెండు రోజులు పరాయివాళ్ళు మోసి మరుగుకు తీసుకుపోయారట. ఆ సిగ్గు ఆయనకింకా పోలేదు. నేల చూస్తూ అడిగాడు.

"బావూ, కప్పు ఆగుద్దేటి?"

నేను తీగ మీద పట్టకారుతో కొట్టాను. బిగువుకు తీగ మోగింది.

"తాతా, ఈ కప్పు యాడికీ బోదు. నా మాట."

ఆమె నా మొహంలోకి చూసింది. ఆయన మొహంలోకి చూసింది. మూట కింద పెట్టింది. "అయితే ఎందుకులే బావూ. ఈయన్ని మొయ్యాలంటే నలుగురు కావాల. ఇక్కడే పడుంటాం."

రోడ్డు మీద భాయ్ హారన్ కొట్టిస్తున్నాడు. ఐదింటికల్లా బయల్దేరాలని కంపెనీ ఆర్డరు. మేం తొమ్మిదిమందిమి కలిసి ఎత్తితే ఆ మనిషి నిమిషంలో లారీలో ఉండేవాడు. తిట్టేవాడు, అంతే. నేను ఎత్తించలేదు. నా పని మీద నాకంత నమ్మకం. నిజం చెప్పాలంటే, ఆయన నా కప్పు కింద ఉంటాననడం నాకు గొప్పగా అనిపించింది.

భాయ్ తొందరపెట్టాడని నేను చెప్పుకోను. అడిగితే ఇంకో పావుగంట ఆగేవాడే.

మూడో రోజు

తుపాను తెల్లవారుజామున తీరం దాటింది. మేం చాలా ఎగువన ఒక టౌనులో లాడ్జిలో పడుకున్నాం. చెట్లు తీసి దారి ఇచ్చేసరికి మూడో రోజయింది. వచ్చి చూస్తే మా బోర్డుల చట్రాలు ఒక్కటీ పడలేదు. భాయ్ నా వీపు మీద చరిచాడు. "సూసినవా యాదగిరీ! కోసిపెడితే ఏం గాదు!"

నేను ఇసుకలోకి దిగాను. పాతిక ఇళ్ళ చోట బురద, విరిగిన రాటలు, ఎవరిదో కుట్టు మిషను. వాటి మధ్యలో ఒకటే కప్పు. మట్టిగోడలు కరిగి పోయాయి. నాలుగు రాటల మీద కప్పు మాత్రం అట్లాగే ఉంది. ఫ్లెక్స్ ఉంది. వల ఉంది. నా తీగ ఎక్కడా సడలలేదు.

దాచిపెట్టకుండా రాస్తున్నాను. అది చూడగానే నాకు కలిగింది సంతోషం. నిలబడింది అనుకున్నాను.

నాలుగడుగులు వేశాక నూకాలమ్మ కనిపించింది. ఒక రాట పక్కన కూర్చుని ఉంది. మోచేతులు చీరుకుపోయి ఉన్నాయి.

"పెద్దమ్మా, తాత ఏడి?"

ఆమె నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది.

"నువ్వా బావూ. నిన్ననే తీసుకుపోనారు. కాల్చీసినాం."

ఆమె ఏడవలేదు. బేరం సంగతి చెప్పినట్టు చెప్పింది.

"గాలికి ఏటీ అవ్వనేదు. నువ్వన్నట్టే ఆగినాది. తరవాత ఉప్పెనొచ్చినాది. ఒక్కపాలి నడుం దాకా, మరోపాలి పీక దాకా. ఆయన్ని అటక మీదికి నాగినాను. నీల్లు అక్కడికీ వొచ్చినాయి. సూర్లో కత్తుంటాది మాకు, ఎప్పుడూ ఉంటాది. అది తీసి తాడు కోసం ఎతికినాడు. తాడు లోపల నేదు గదా."

నాకు అప్పటికీ అర్థం కాలేదు. "తాడు దేనికి పెద్దమ్మా?"

"కప్పు ఒగ్గీడానికి. ముడి లాగీస్తే కప్పు రాటల మీంచి లేసి తేల్తాది. తాటాకు గదా, మునగదు. దాన్నట్టుకుని పోతాం. మా మరిదోలు నలుగురూ అలాగే సరుగుడు తోట దాకా పోనారు. బతికినారు." చేత్తో చూపించింది. "మా కప్పు కదల్నేదు. తాటాకు, నువ్వు పరిసిన ఫ్లెక్సు సీల్చి సెయ్యి బయటెట్టినాడు. నీ తీగ సేతికందినాది. కత్తి దాని మీద ఆడనేదు. ఎడం సేత్తో ఎంతని కోస్తాడు? నన్ను నీల్లలోకి తోసీసినాడు. 'తలుపులోంచి ఎల్లిపో, నీకు కాళ్ళున్నాయి' అన్నాడు. బయటికొచ్చి తాడిచెట్టు పట్టుకున్నాను. ఆయన కప్పు కిందే ఉండిపోనాడు."

"నాకెందుకు జెప్పలేదు పెద్దమ్మా? గా ముడి అందుకని నాకు జెప్తే నేను ముట్టుకుందునా?"

అప్పుడు మాత్రం ఆమె గొంతు లేచింది.

"సెప్పినాడు గదా! ఊడాలనే కట్టినాం అన్నాడు గదా! నువ్వు నవ్వినావు. నానూ నవ్వినాను."

లారీలో భాయ్‌కు అంతా చెప్పాను. "గట్టిగ కట్టుడు నేనే నేర్పిన" అన్నాడు. మళ్ళీ ఆ సంగతి మేమిద్దరం ఎత్తుకోలేదు.

కొత్తగా వచ్చేవాళ్ళకు ఇదొక్కటే చెప్పగలను. పరాయి ఊళ్ళో ఒక ముడి మీకు పిచ్చిగా కనిపిస్తే విప్పకండి. ఎందుకిట్లా కట్టారు అని అడగండి. వాళ్ళు అలవాటని అంటే అక్కడితో ఆగకండి, ఆ అలవాటు ఏ రోజు కోసమో అడగండి. జవాబు నవ్వొచ్చేదిగా ఉంటే రెండోసారి అడగండి. నాకు అడగడానికి గంటసేపు ఉండింది. ఆ గంట మెలి తిప్పడంలో గడిపాను.

కాగితం

ఆ రోజే, నేను ఇంకా ఆ ఇసుకలో ఉండగానే, ఒక అధికారి వచ్చి చావుల వివరాలు రాసుకున్నాడు. ఇల్లు చూసిన సాక్షి కావాలంటే నేను నిలబడ్డాను. నేను కట్టింది, తీగ వేసింది, కత్తి ఆడనిది అన్నీ చెప్పాను. ఆయన పని తొందరలో ఉన్నాడు. "అదంతా ఎందుకయ్యా, వేలు పెట్టు" అన్నాడు. నాకప్పుడు అక్షరం రాదు. నేను చెప్పిందే రాశాడనుకుని వేలు పెట్టాను.

తర్వాత నాకు పైకెక్కాలంటే మనసొప్పలేదు, మోకాళ్ళూ అప్పటికే పోతున్నాయి. కింద నిలబడి పని చూసే ఉద్యోగమిస్తామన్నారు కానీ ఆర్డరు కాగితాలు చదవడం రావాలన్నారు. నేరేడ్‌మెట్‌లో పెద్దవాళ్ళకు సాయంత్రం బడి నడిపే టీచరమ్మ ఉండేది. యాభై నాలుగేళ్ళకు ఆమె దగ్గర పలక పట్టాను. ఒత్తులు వచ్చేసరికి రెండేళ్ళయింది. గొప్ప ఆశయమేమీ లేదు, పొట్టకోసమే నేర్చుకున్నాను.

చదవడం వచ్చాక, పని పడకుండానే, నా ఖర్చుతో ఆ ఊరికి పోయాను. నూకాలమ్మకు మెరక మీద పక్కా గది ఇచ్చారు. చేపల బుట్ట అప్పుడే దింపుకుంటున్నది. ఆ రోజు అధికారి రాసిన కాగితం గురించి నేను అడగలేదు. చదువు నేర్చుకున్నానని మాటల్లో అన్నానంతే. లోపలికి పోయి ప్లాస్టిక్ కవరులో ఒక కాగితం తెచ్చింది.

"ఆయన కాయితం. ఏటి రాసినారో ఎవుల్నీ అడగనేదు. సదువు."

వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. గాలి తీవ్రతకు ఇల్లు కూలి, కప్పు మీద పడి మరణించినట్టు సాక్షి చెప్పాడని ఉంది. కింద సిరా ఎండిన బొటనవేలి ముద్ర.

"ఇల్లు కూలినాదేటి?" అంది.

"లేదు."

"మరి ఆ ఏలు ఎవులిది?"

"నాదే పెద్దమ్మా."

కాగితం తీసుకుని మళ్ళీ కవరులో పెట్టింది. తిడుతుందేమోనని చూశాను. తిడితే బాగుండేది.

"అప్పుడు నీకు సదువు రాదు, ఒగ్గీసినాను. ఇప్పుడొచ్చు గదా. జరిగింది జరిగినట్టు రాయి."

"రాస్తే ఎవరు చదువుతరు?"

"నీలాగ కట్టీవోలు ఇంకా ఉంటారు గదా. ఆలకి."

బుట్ట తీసుకుని గది వెనక్కి పోయింది, కడుక్కోవడానికి. నేను బస్సెక్కాను.

రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. చేతకాక కొంత, మొహం చెల్లక కొంత. ఇప్పుడు రాస్తున్నాను.

అప్పలకొండ ఇల్లు గాలికి కూలలేదు. కప్పు అతని మీద పడలేదు. లోపలి ముళ్ళు విప్పింది నేను. బయట తీగ బిగించింది నేను. ఆగుతుందని మాట ఇచ్చింది నేను. అది ఆగింది.